బక్ బెన్నీ తాళంచెవి: బెంజమిన్ మేజ్ కాలేజీ నడిపిన తీరు, పట్టుకున్న వాదన

1940లలో అట్లాంటాలోని మోర్‌హౌస్ కాలేజీ కుర్రాళ్లు తమ ప్రెసిడెంటుకి చాటుగా ఒక పేరు పెట్టుకున్నారు: బక్ బెన్నీ. రేడియోలో జాక్ బెన్నీ అనే హాస్యనటుడు వేసే కౌబాయ్ వేషం పేరది. అమెరికన్ల వాడుకలో బక్ అంటే డాలరు కూడా. ఫీజు కట్టేదాకా వదలని మనిషికి ఆ పేరు రెండు విధాలా అతికింది. తెలుగు కుర్రాళ్లయితే బకాయిల బెన్నీ అనేవారేమో.

ఆ మనిషి బెంజమిన్ ఎలైజా మేజ్. బాప్టిస్టు పాస్టరు, షికాగో యూనివర్సిటీ డాక్టరేటు, 1940 నుంచి 1967 దాకా మోర్‌హౌస్ ప్రెసిడెంటు. మార్టిన్ లూథర్ కింగ్ గురువు అన్న ఒక్క ముక్కతో చాలామంది ఆయన్ని సరిపెట్టేస్తారు. ఆ ముక్క నిజమే. కానీ ఆయన జీవితంలో అసలు చిక్కుముళ్లు అందులో కనబడవు. మనుషుల్ని రంగును బట్టి వేరుపెట్టడం పాపమని జీవితమంతా చెప్పిన మనిషి, నల్లజాతి కుర్రాళ్ల కాలేజీ ఒకదాన్ని 27 ఏళ్లు ఎందుకు భుజాన మోశాడు? బడుల్లో వేర్పాటు చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక, ఇక నల్లవాళ్ల కాలేజీలెందుకన్న వాళ్లతో ఎందుకు పేచీకి దిగాడు? 1973లో, 78 ఏళ్ల వయసులో, పిల్లల్ని బస్సుల్లో తరలించి బడుల్లో కలిపే కార్యక్రమాన్ని బాగా కుదించిన రాజీకి ఎందుకు తలూపాడు?

మూడూ ఒకదానికొకటి ఎదురుగా ఉన్నట్టు కనిపిస్తాయి. ఆయన ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది: తాళంచెవి ఎవరి చేతిలో ఉంది? అది పట్టుకుంటే మూడూ ఒకే దారిన పడతాయి. ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే ముందు బాప్టిస్టు సంఘాల కట్టుబాటు కొంచెం తెలియాలి.

బాప్టిస్టుల్లో బిషప్ ఉండడు. ఒక్కో సంఘం దేనికదే. పాస్టరును పిలిచేదీ సంఘమే, పొమ్మనేదీ సంఘమే. చర్చి స్థలమూ కప్పూ సంఘానివే. సంఘాలన్నీ కలిసి సమావేశాలు పెట్టుకుంటాయి, మిషనులకు చందాలు పోగుచేస్తాయి, కానీ ఆ సమావేశానికి ఏ సంఘం మీదా హుకుం చెల్లదు. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్లకు ఇది ఎంత పెద్ద సంగతో ఊహించుకోవచ్చు. భూమి దొరది, దుకాణం దొరది, బడి కౌంటీది. చర్చి ఒక్కటే వాళ్లది. అక్కడ కోశాధికారీ వాళ్లే, డీకన్ అనే సంఘపెద్దా వాళ్లే. వారమంతా ఎవరో ఒకరి చేత అరేయ్ అనిపించుకున్న మనిషి ఆదివారం అక్కడ అయ్యా అనిపించుకుంటాడు.

ఈ కట్టుబాటులో కాలేజీలకు మాత్రం ఒక ఇబ్బంది ఉంది. పైన ఖజానా లేదు కాబట్టి కాలేజీకి డబ్బు ఎవరిస్తే మాట వాళ్లదవుతుంది. అంతర్యుద్ధం ముగిశాక దక్షిణాదిలో నల్లవాళ్ల బడులకు ఎక్కువగా డబ్బిచ్చింది ఉత్తరాది తెల్ల బాప్టిస్టుల హోమ్ మిషన్ సొసైటీ. మోర్‌హౌస్ 1867లో జార్జియాలోని ఆగస్టాలో, స్ప్రింగ్‌ఫీల్డ్ బాప్టిస్టు చర్చి నేలమాళిగలో మొదలైంది. 1879లో అట్లాంటాకు మారింది. 1897లో అట్లాంటా బాప్టిస్టు కాలేజీ అయింది. 1913లో ఆ సొసైటీ కార్యదర్శి హెన్రీ మోర్‌హౌస్ పేరు పెట్టుకుంది. చర్చి నల్లవాళ్లది, విద్యార్థులు నల్లవాళ్లు, ప్రెసిడెంటు కుర్చీలో మాత్రం తెల్లవాళ్లు. ఆ కుర్చీలో మొదటి నల్లజాతి మనిషి జాన్ హోప్ కూర్చునేసరికి 1906 వచ్చింది, అంటే 39 ఏళ్లు పట్టింది. ఆ జాన్ హోపే 1921లో మేజ్‌ని లెక్కలు చెప్పడానికి మోర్‌హౌస్‌కి పిలిచాడు.

మేజ్ 1894లో దక్షిణ కెరొలైనాలో, ఎప్‌వర్త్ అనే పల్లెలో పుట్టాడు. ఎనిమిది మంది పిల్లల్లో కడగొట్టువాడు. తల్లిదండ్రులిద్దరూ బానిసత్వంలో పుట్టినవాళ్లే. తండ్రి హెజకయ్యా కౌలు పత్తి రైతు. మేజ్‌కి గుర్తున్న మొట్టమొదటి సంగతి 1898 నాటిది. ఓటు హక్కు మీద రేగిన ఫీనిక్స్ అల్లర్లలో గుర్రాల మీద తుపాకులతో వచ్చిన తెల్లవాళ్ల గుంపొకటి తండ్రిని ఆపి, టోపీ తీయించి, మళ్లీ మళ్లీ వంగి దండం పెట్టించింది. నాలుగేళ్ల పిల్లవాడు పక్కనుంచి చూస్తున్నాడు. ఆ ఊరి నల్ల పిల్లలకు బడి ఏడాదికి నాలుగు నెలలు, మిగతా నెలలన్నీ పొలం. అంతకుమించి చదువెందుకన్న తండ్రితో తగువుపడి మరీ పట్నం వెళ్లాడు. ఆరెంజ్‌బర్గ్‌లో హైస్కూలు ముగిసేసరికి 1916, వయసు 21 దాటింది. ఒక ఏడాది వర్జీనియా యూనియన్‌లో చదివి, తెల్లవాళ్లతో తలపడితే తన తెలివి ఎంతో తేల్చుకుందామని ఉత్తరాదిలో మెయిన్ రాష్ట్రపు బేట్స్ కాలేజీకి వెళ్లి 1920లో ఆనర్స్‌తో డిగ్రీ తీసుకున్నాడు. తన తెలివి గురించి ఆయనకు మళ్లీ అనుమానం రాలేదు.

అట్లాంటా షైలో బాప్టిస్టు చర్చిలో పాస్టరు, మోర్‌హౌస్‌లో లెక్కల మాస్టారు, టాంపాలో నల్లవాళ్ల సంక్షేమ సంస్థ అర్బన్ లీగ్‌లో ఉద్యోగం, క్రైస్తవ యువజన సంఘం వైఎంసీఏలో పని: తర్వాతి పదేళ్లు ఇలా గడిచాయి. ఆయన ఆలోచన గట్టిపడింది మాత్రం 1930 తర్వాత, ఒక సర్వేలో.

జోసెఫ్ నికల్సన్ అనే మరో పాస్టరుతో కలిసి 12 నగరాల్లో 609 చర్చిలు, నాలుగు గ్రామీణ ప్రాంతాల్లో 185 చర్చిలు తిరిగాడు. ఊరికే ప్రార్థనలు చూసి రాలేదు. అప్పు పత్రాలు, జమాఖర్చులు, పాస్టర్ల చదువు, ఆదివారం బడి హాజరు, అన్నీ పట్టికలకెక్కించారు. ప్రసంగాలు సేకరించి మూడు కుప్పలు పోశారు: రోజువారీ బతుకును తాకేవి, సిద్ధాంత చర్చతో ఆగిపోయేవి, పరలోకం గురించి తప్ప మరేమీ మాట్లాడనివి. మూడో కుప్ప సగానికి మించింది. 1933లో పుస్తకంగా వచ్చిన ఆ నివేదికలో మొహమాటం లేదు. అవసరానికి మించిన చర్చిలు కట్టుకున్నారు, ఎక్కువ చర్చిలు అప్పుల్లో ఉన్నాయి, పాస్టర్లలో తగిన చదువున్నవాళ్లు తక్కువ, జనం చందాల్లో పెద్ద వాటా వడ్డీలకూ భవనాలకూ పోతోంది.

ఇంత తిట్టాక చివర్లో ఆయన ఇంకో మాటన్నాడు. చాలామంది చదవకుండా దాటేసే మాట అది. ఈ చర్చి గొప్పతనం దాని లోపాల పక్కనే ఉందన్నాడు. నల్లవాళ్లు తామే కొని, తామే అప్పుచేసి, తామే తీర్చి, తామే నడుపుకునే సంస్థ ఇది. తెల్లవాడి అనుమతి అక్కర్లేకుండా మనిషి ఎన్నికలో నిలబడగలిగేది, పద్దు రాయగలిగేది, నలుగురి ముందు మాట్లాడగలిగేది ఇక్కడే. లోపాలు దిద్దాలి, సంస్థను మాత్రం పారేయకూడదు. ఇరవయ్యేళ్ల తర్వాత నల్లవాళ్ల కాలేజీల గురించి ఆయన చేసిన వాదన ఇదే. చర్చి అన్నచోట కాలేజీ అని వేసుకుంటే చాలు.

1938లో వచ్చిన రెండో పుస్తకం నల్లజాతి రచనల్లో దేవుడు ఎలా కనిపిస్తాడన్న దాని మీద. అందులో గీసిన గీత సూటిగా ఉంటుంది. ఇక్కడి కష్టానికి అక్కడ ప్రతిఫలం ఉంటుందని ఓదార్చే దేవుడు ఒకడు. ఇక్కడే లేచి నిలబడమని పురమాయించే దేవుడు ఇంకొకడు. మొదటివాడితో సరిపెట్టుకుంటే మనిషి దెబ్బకు అలవాటు పడతాడని మేజ్ అభిప్రాయం. అలాగని ఆయన నాస్తికుల వైపు పోలేదు, బాప్టిస్టు చర్చిని వదలనూ లేదు. అప్పటి యువ మేధావుల్లో చాలామంది చర్చిని వదిలేశారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతే.

ఆ పుస్తకం వచ్చేసరికి ఆయన వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో మతవిద్యా విభాగానికి డీన్, 1934 నుంచి. అక్కడ ఉండగానే, 1936 చివర్లో, మైసూరులో జరిగే ప్రపంచ వైఎంసీఏ సభకు ప్రతినిధిగా ఇండియా వచ్చాడు. అదే ఏడాది మొదట్లో హోవర్డ్‌లోని సహోద్యోగి హోవర్డ్ థర్మన్ గాంధీని కలిసి వెళ్లాడు. మేజ్ కూడా వార్ధా వెళ్లి గంటన్నర మాట్లాడాడు.

రెండు విషయాలు అడిగాడు: అహింస, కులం. మొదటిదానికి వచ్చిన జవాబు 1937 మార్చిలో హరిజన్ పత్రికలో అచ్చయింది. అహింసను సాత్విక నిరోధం అనడమే తప్పు పేరని, అది హింస కన్నా చురుకైనదని, ముప్పాతిక వంతు కంటికి కనబడదని, పాతిక వంతే కనబడుతుందని గాంధీ చెప్పాడు. సంఖ్యలో తక్కువున్నవాళ్లు పెద్ద సంఖ్యకు ఎదురు నిలిచేటప్పుడు ఇది పనిచేస్తుందా అన్నది మేజ్ సందేహం. అమెరికా నల్లవాడికి అదే కదా అసలు సందేహం. తక్కువ సంఖ్యవాళ్లకే ఇది మరింత వీలైన ఆయుధమని జవాబు. దీనికి జనాన్ని తర్ఫీదు చేయడమెలా అంటే, ఆ నమ్మకాన్ని బతికి చూపించడం తప్ప దగ్గరిదారి లేదన్నాడు. ఆ కనబడని ముప్పాతిక వంతు మేజ్ మనసులో నాటుకుంది. తర్వాత కాలేజీలో ఆయన చేసిందంతా ఆ ముప్పాతిక లెక్కలోకే వస్తుంది.

కులం మీద జవాబుతో మాత్రం అంత సులువుగా పొసగలేదు. గాంధీ అంటరానితనాన్ని తిట్టాడు, కానీ వర్ణాన్ని ఎక్కువతక్కువలు లేని పని విభజనగా సమర్థించాడు. వేరుగా ఉన్నా సమానమే అన్న 1896 నాటి సుప్రీంకోర్టు తీర్పు కింద పెరిగిన మనిషికి, విడివిడిగా ఉంచుతూనే సమానమనే మాట ఎలా వినిపించి ఉంటుందో చెప్పక్కర్లేదు.

మైసూరులో ఆ సంగతి ఇంకా దగ్గరగా తగిలింది. అంటరాని కులాల పిల్లల బడి హెడ్మాస్టరు ఆయన్ని మాట్లాడమని పిలిచాడు. పిల్లలకు పరిచయం చేస్తూ, ఈయన అమెరికాలో అంటరానివాడు, అయినా ఇంత పెద్దవాడయ్యాడు అన్నాడు. మేజ్‌కి ముందు గుండె కలుక్కుమంది. డాక్టరేటు, డీన్ పదవి, అంతర్జాతీయ సభలో ప్రతినిధి, అంటరానివాడేమిటి? కాసేపు ఆలోచించుకున్నాక హెడ్మాస్టరు చెప్పింది అక్షరాలా నిజమే అనిపించింది. తనకు తన దేశంలో హోటళ్లలో గది దొరకదు, రైల్లో భోజనాల పెట్టెలో తెర అవతల కూర్చోవాలి. పుట్టుకను బట్టి పడిన ముద్ర డిగ్రీలతో చెరగదని ఆయన తన ఆత్మకథలో ఈ సంఘటన మీదుగానే రాసుకున్నాడు. కింగ్‌కి కూడా 1959లో కేరళలో ఇలాంటి పరిచయమే జరిగిందని చెబుతారు. గురుశిష్యుల కథలు కలగలిసిపోయాయేమోనని అనుమానించేవాళ్లూ ఉన్నారు.

1940లో మోర్‌హౌస్ పిలిచినప్పుడు కాలేజీ బతికి ఉందంటే ఉంది. 1929లో అట్లాంటా యూనివర్సిటీ, స్పెల్‌మన్, మోర్‌హౌస్ మూడూ ఒక ఒప్పందం చేసుకున్నాయి: పైచదువులు యూనివర్సిటీకి, ఆడపిల్లల డిగ్రీ స్పెల్‌మన్‌కి, మగపిల్లల డిగ్రీ మోర్‌హౌస్‌కి. ఆర్థిక మాంద్యంలో మోర్‌హౌస్ తన జమాఖర్చుల అజమాయిషీని కూడా యూనివర్సిటీకి అప్పగించేసింది. ఫలితంగా ప్రెసిడెంటు ఉన్నాడు, బడ్జెట్టు మాత్రం ఆయన చేతిలో లేదు. మేజ్ మొదట పట్టుబట్టింది దీని మీదే. కాలేజీ పద్దులు కాలేజీలోనే రాయాలి.

పద్దు చేతికి రావాలంటే పద్దులో ఏదో ఒకటి ఉండాలి. బక్ బెన్నీ పుట్టింది ఇక్కడే. ఆ రోజుల్లో నల్లవాళ్ల ప్రైవేటు కాలేజీకి మూడే దారులు: ఫీజులు, ఉత్తరాది దాతల సంస్థలు, మూలనిధి మీద వడ్డీ. మూలనిధి చిన్నది, కాబట్టి వడ్డీ తక్కువ. దాతల డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినా షరతులతో వస్తుంది. మిగిలిన ఒక్క నమ్మకమైన రాబడి ఫీజు. అదీ పేద కుటుంబాల నుంచి రావాలి కాబట్టి ప్రతి ఏడూ పాత బాకీలు పేరుకుంటాయి. బాకీలు చూసిన దాత, మీ వాళ్లే కట్టనిది నేనెందుకివ్వాలి అంటాడు. అందుకే మేజ్ బాకీల వసూలును గుమస్తాకి వదిలేయకుండా తానే పట్టించుకున్నాడు. కుర్రాళ్లు నవ్వుకున్నారు, దాతల ముందు లెక్క నిలబడింది. ఆ ఒత్తిడికి చదువు ఆగిపోయిన కుర్రాళ్లు లేరని మాత్రం ఎవరూ అనలేరు.

ఆ వెంటనే యుద్ధం వచ్చి పడింది. 1942 నవంబరులో సైన్యంలోకి పిలిచే వయసు 18కి దించారు. మగపిల్లల కాలేజీకి ఇంతకన్నా పెద్ద దెబ్బ ఉండదు: 18 నిండినవాడు సైన్యానికి, నిండనివాడు ఇంకా హైస్కూల్లో. మేజ్ ఆ సందులో దారి వెతికాడు. హైస్కూలు చివరి ఏడాది పూర్తికాకపోయినా ప్రవేశ పరీక్ష నెగ్గితే చేర్చుకుంటామన్నాడు. దీనితో గదులు నిండాయి, ఇంకో ఇబ్బంది పుట్టింది. వేరుపెట్టిన హైస్కూళ్లలో ముందే చదువు అంతంతమాత్రం, అందులోనూ ఒక ఏడాది తగ్గితే కాలేజీలో చదవడం రాయడం కష్టమవుతుంది. కాబట్టి మొదటి ఏడాది ఇంగ్లీషు, చదివి అర్థం చేసుకోవడం మీద ఎక్కువ గంటలు పెట్టాల్సి వచ్చింది. 1944లో ఈ దారిన చేరిన ఒక పదిహేనేళ్ల కుర్రాడు మార్టిన్ లూథర్ కింగ్. యుద్ధం లేకపోతే అతను ఆ వయసులో అక్కడ ఉండేవాడు కాదు. యుద్ధం ముగిశాక గాలి ఎదురు తిరిగింది. తిరిగొచ్చిన సైనికుడి ఫీజు ఏడాదికి 500 డాలర్ల దాకా కేంద్ర ప్రభుత్వమే కట్టే చట్టం 1944లో వచ్చింది. బకాయి భయం లేని విద్యార్థులు బారులు తీరారు.

అదే 1944లో టస్కీగీ అనే నల్లవాళ్ల విద్యాసంస్థ ప్రెసిడెంటు ఫ్రెడరిక్ ప్యాటర్సన్ ఆలోచనతో 27 నల్లవాళ్ల ప్రైవేటు కాలేజీలు కలిసి యునైటెడ్ నీగ్రో కాలేజ్ ఫండ్ పెట్టుకున్నాయి. అందరూ విడివిడిగా అవే గుమ్మాలు తొక్కడం మాని ఒక్క జోలె పట్టారు. మొదటి ఏడాదే ఏడున్నర లక్షల డాలర్లకు పైగా వచ్చింది. మేజ్ మొదటినుంచీ అందులో ఉన్నాడు, 1958 నుంచి 1961 దాకా అధ్యక్షుడుగా చేశాడు. ఈ డబ్బుకి ఉన్న గుణం ఏమిటంటే, దీన్ని జీతాలకు వాడుకోవచ్చు. దాతలకు భవనాలంటే మోజు, పేరు చెక్కించుకోవచ్చు కదా. కెమిస్ట్రీ మాస్టారి జీతానికి పలక ఎక్కడ తగిలిస్తారు? కాలేజీ కూలేది మాత్రం భవనం లేక కాదు, మాస్టారు వెళ్లిపోయి.

మాస్టార్ల సంగతే గుర్తింపుకీ ముడిపడి ఉంది. దక్షిణాది కాలేజీలకు గుర్తింపునిచ్చే సదరన్ అసోసియేషన్ 1930 నుంచి నల్లవాళ్ల కాలేజీలను తనిఖీ చేసి శ్రేణులిచ్చింది, కానీ విడి జాబితాలో. ఆమోదం ఉంటుంది, సభ్యత్వం ఉండదు. పరీక్ష అదే, బెంచీ వేరు. మేజ్ చేసింది ఏమిటంటే, జాబితాలు కలిసే రోజున ఎవరూ వేలెత్తి చూపలేని స్థితికి కాలేజీని తేవడం. ఆయన వచ్చేనాటికి డాక్టరేటున్న అధ్యాపకులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. సెలవిచ్చి, జీతంలో కొంత ఇచ్చి, ఉన్నవాళ్లను చదువు పూర్తిచేయించాడు, కొత్తవాళ్లను తెచ్చాడు. వెళ్లేనాటికి సుమారు సగం మందికి డాక్టరేటు ఉంది. 1957లో అసోసియేషన్ పూర్తి సభ్యత్వం ఇచ్చినప్పుడు మొదటి బృందంలో మోర్‌హౌస్ ఉంది. 1776లో పుట్టిన ఫై బీటా కప్పా అనే పండిత సంఘం శాఖ 1968 జనవరిలో వచ్చింది. నల్లవాళ్ల కాలేజీల్లో అంతకుముందు దాన్ని సంపాదించినవి ఫిస్క్, హోవర్డ్ రెండే. దరఖాస్తు పెట్టింది మేజ్ కాలంలోనే, శాఖ వచ్చేసరికి ఆయన దిగిపోయాడు.

ఈ లెక్కల మనిషి మంగళవారం పొద్దున సేల్ హాల్ చాపెల్‌లో వేదికెక్కితే వేరేగా ఉండేవాడు. హాజరు తప్పనిసరి. దేవుడి వాక్యంతో మొదలై వార్తాపత్రికలోకి, అక్కణ్ణుంచి కుర్రాళ్ల బూట్ల పాలిష్ దాకా వచ్చేది ఉపన్యాసం. ఓడిపోవడం పాపం కాదు, గురి కిందకి పెట్టుకోవడం పాపం అనేది ఆయన నోట తరచూ వచ్చే మాట. కానీ కుర్రాళ్ల రోజువారీ బతుకుని మార్చింది ఆయన పెట్టిన ఒక తూకం. దాన్ని దగ్గరగా చూడాలి.

అట్లాంటాలో నల్లవాళ్లకు ట్రామ్‌లో వెనక సీట్లు. సినిమా హాల్లో బయటినుంచి విడి మెట్లు, పైన బాల్కనీ. రెండూ అవమానాలే. మేజ్ వీటిని రెండుగా విడదీశాడు. ట్రామ్ ఎక్కకపోతే పనికి వెళ్లలేవు, కాబట్టి అక్కడ నిన్ను కూర్చోబెట్టింది చట్టం. సినిమాకి వెళ్లకపోతే ఏమీ కాదు, కాబట్టి ఆ వెనక మెట్లు ఎక్కితే నిన్ను నువ్వే ఎక్కించుకున్నావు. బలవంతంగా మోపినదాన్ని భరిస్తూ ఎదిరించు. ఇష్టపూర్వకంగా మాత్రం, టిక్కెట్టు కొనుక్కుని మాత్రం, అవమానం తెచ్చుకోకు. ఈ తూకం వల్ల రెండు పనులు జరిగాయి. కుర్రాళ్లకు రోజూ చేయదగ్గ చిన్న నిరాకరణ ఒకటి దొరికింది. సినిమా మానడానికి ఉద్యమం అక్కర్లేదు, నాయకుడూ అక్కర్లేదు. రెండోది, తప్పనిసరై ట్రామ్‌లో వెనక కూర్చున్న తండ్రిని చూసి కొడుకు సిగ్గుపడాల్సిన పని లేకపోయింది. టోపీ తీసి వంగిన హెజకయ్యా కొడుకు ఈ రెండోది ఆలోచించకుండా ఉంటాడా?

1942లో నార్త్ కెరొలైనా డర్హమ్‌లో దక్షిణాది నల్లజాతి పెద్దలు కలిసి రాసిన ప్రకటనలోనూ వ్యతిరేకించింది బలవంతపు వేర్పాటునే. అక్కడ మేజ్ ఉన్నాడు. బలవంతపు అనే ఆ మాటను కొందరు పిరికితనం అనుకున్నారు. అందులో జాగ్రత్త కొంత ఉంది, నిజమే. కానీ తప్పు నల్లవాళ్లు ఒకచోట చేరడంలో లేదు, వాళ్లను ఒకచోటికి తోసి బయట గొళ్లెం పెట్టడంలో ఉంది అన్నది మేజ్‌కి మామూలు వాదన. చర్చిల విషయంలో మాత్రం ఇంత తూకం చూపలేదు. 1944 నుంచి రెండేళ్లు ఫెడరల్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్ ఉపాధ్యక్షుడుగా, ఆ పదవిలో మొదటి నల్లజాతి మనిషిగా ఉన్నాడు. వేర్పాటు లేని సమాజంలో వేర్పాటు లేని చర్చి కావాలని ఆ కౌన్సిల్ 1946లో తీర్మానించింది. 1954లో ఇవాన్‌స్టన్‌లో జరిగిన ప్రపంచ చర్చి మండలి సభలో ఆయన మాట్లాడిన అంశం కూడా ఇదే. తెల్ల చర్చి గుమ్మం దగ్గర నల్లవాణ్ణి ఆపడానికి చట్టం అక్కర్లేదు, సంఘమే ఆపుతోంది. అంటే అది ఇష్టపూర్వకంగా చేసే పాపం. తూకం అదే, ఈసారి తక్కెడలో ఉన్నది తెల్లవాళ్లు.

1954 తీర్పుకి సంతోషించిన మేజ్, ఆ తర్వాత వచ్చిన మాటలకు మండిపడ్డాడు. తెల్లవాళ్ల కాలేజీల తలుపులు తెరుచుకుంటున్నాయి కాబట్టి నల్లవాళ్ల కాలేజీలకు పని అయిపోయిందన్నారు. దారి ఒకవైపే ఎందుకు పోవాలని ఆయన అడిగాడు. కలవడమంటే నల్లవాళ్ల సంస్థ మూతపడి, నల్ల ప్రిన్సిపాలు ఉద్యోగం పోయి, పిల్లలు తెల్లవాళ్ల సంస్థలో అతిథులుగా చేరడమేనా? దక్షిణాదిలో బడులు కలిపినచోట జరిగింది సరిగ్గా అదే. మూతపడ్డవి ఎక్కువగా నల్లవాళ్ల బడులు, పోయినవి నల్ల మాస్టార్ల కొలువులు. 1930లలో చర్చిల గురించి చేసిన వాదనను ఆయన మళ్లీ బయటికి తీశాడు. లోపాలుంటే దిద్దండి, తాళంచెవి మాత్రం ఇచ్చేయకండి.

కింగ్‌తో అనుబంధం గురించి చాలా రాశారు కాబట్టి రెండు సందర్భాలు చాలు. 1956 ఫిబ్రవరిలో, మాంట్‌గమరీ ఊళ్లో కింగ్ నడిపిస్తున్న బస్సుల బహిష్కరణ మీద కేసులు పెట్టినప్పుడు, కింగ్ తండ్రి తన స్నేహితులను అట్లాంటా ఇంటికి పిలిపించి, అక్కడికి తిరిగి వెళ్లొద్దని కొడుక్కి చెప్పించబోయాడు. పెద్దలంతా తండ్రి పక్షమే. వెళ్లాల్సిందేనన్న కొడుకు వైపు తిరిగి మాట్లాడింది మేజ్. రెండోది 1968 ఏప్రిల్ 9. ఇద్దరిలో ఎవరు ముందు పోతే రెండోవాళ్లు నివాళి పలకాలని అనుకున్నారు. వయసును బట్టి ఎవరు ముందో అందరికీ తెలుసు. కంచరగాడిదలు లాగిన బండి మీద శవపేటిక మోర్‌హౌస్ ఆవరణకు వచ్చింది. తనకన్నా 34 ఏళ్లు చిన్నవాడికి మేజ్ నివాళి పలికాడు.

అప్పటికి ఆయన రిటైరై ఏడాది కాలేదు. 1969లో అట్లాంటా స్కూలు బోర్డుకి పోటీచేసి నెగ్గాడు, 1970లో అధ్యక్షుడయ్యాడు. ఆ కుర్చీలో మొదటి నల్లజాతి మనిషి. అక్కడ ఎదురైంది మూడో ముడి. ఊళ్లో నల్ల, తెల్ల పిల్లల్ని బడుల్లో కలపాలన్న కేసు 1958 నుంచి కోర్టులో నలుగుతోంది. ఈలోగా తెల్ల కుటుంబాలు శివార్లకు తరలిపోయాయి. 1973 నాటికి నగరపు బడి పిల్లల్లో నాలుగింట మూడొంతులకు పైగా నల్లవాళ్లే. కలపడానికి తెల్ల పిల్లలు సరిపోరు. బస్సులు పెద్దఎత్తున తిప్పితే ఉన్నవాళ్లు కూడా పోతారని భయం. చివరికి కుదిరిన ఒప్పందంలో బస్సుల్లో తరలించే పిల్లల సంఖ్యను చాలా తగ్గించారు. బదులుగా సూపరింటెండెంట్ పదవి నల్లజాతి మనిషికి, పాలనా పదవుల్లో సగం నల్లవాళ్లకు. అలోంజో క్రిమ్ సూపరింటెండెంట్ అయ్యాడు. ఒప్పుకున్నందుకు నల్లవాళ్ల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ స్థానిక నాయకత్వాన్ని ఆ సంస్థ జాతీయ నాయకులు పక్కనపెట్టారు. పిల్లల హక్కును పెద్దల ఉద్యోగాలకు అమ్మేశారన్నది వాళ్ల ఆరోపణ. తేలికగా కొట్టిపారేయదగ్గ ఆరోపణ కాదది. పేద పేటల్లో బడులు అలాగే మిగిలాయి, తెల్ల కుటుంబాల వలస ఆగలేదు.

మేజ్ వెనక్కి తగ్గలేదు. తెల్ల పిల్లవాడి పక్కన కూర్చుంటే తప్ప నల్ల పిల్లవాడికి చదువు రాదనే ఆలోచనలోనే అవమానం ఉందన్నది ఆయన వాదన. బడ్జెట్టు, నియామకాలు, పాఠ్యపుస్తకాలు ఎవరు నిర్ణయిస్తారన్నది ఆయనకు ముఖ్యం. మోర్‌హౌస్ పద్దుల్ని యూనివర్సిటీ చేతిలోంచి వెనక్కి తెచ్చుకున్న మనిషి ఇంకోలా ఆలోచిస్తాడని అనుకోలేం. అయితే కాలేజీకి ఎంపికైన కుర్రాళ్లొస్తారు, నగరపు బడికి అందరూ రావాలి. ఆ తేడాకి ఆయన తూకంలో సరైన రాయి ఉన్నట్టు కనబడదు.

1981లో, 86 ఏళ్లు దాటాక, బోర్డు అధ్యక్ష పదవి వదిలాడు. అదే ఏడాది నగరానికి నైరుతి మూల తెరిచిన కొత్త హైస్కూలుకి ఆయన పేరు పెట్టారు. మొదటి రోజునుంచీ అందులో చేరిన పిల్లలు దాదాపుగా అందరూ నల్లవాళ్లే.